డీజిల్ పికప్ ఉన్నట్టుండి లాగడం మానేస్తే: అపోహలు - వాస్తవాలు

కక్కలపల్లి మార్కెట్‌కు టమోటా తోలే బండి కావచ్చు, పులివెందుల నుంచి చీనీ ఎత్తుకొచ్చేది కావచ్చు, గువ్వలచెరువు ఘాట్ మధ్యలో ఆగినది కావచ్చు. ఫోన్ వచ్చేది మాత్రం ఒకే మాటతో: "అనా, బండి లాగడంల్యా. పంపు పోయిందంటనా?" అప్పటికే పక్కన ఆగిన లారీ డ్రైవరో, టీ అంగడి దగ్గర ఎవరో ఆ మాట చెవిన వేసి ఉంటారు. వెనక సరుకు వాడిపోతుంటుంది, నెలాఖరుకు కిస్తీ కట్టాలి. ఆ భయంలో పంపు (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో నెట్టేది), ఇంజెక్టర్లు (దాన్ని సిలిండర్లలోకి చిమ్మేవి) విప్పడానికి ఒప్పుకుంటారు. ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: ఉన్నట్టుండి పుల్లింగ్ పోయిందంటే హై ప్రెషర్ పంపో, ఇంజెక్టర్లో పోయినట్టే.

పంపు అరుగుదల సాధారణంగా ముందే తెలుస్తుంది. పొద్దున స్టార్టింగ్ ఆలస్యమవుతుంది, వేడి మీద ఆపితే మళ్లీ పట్టదు, వారాల తరబడి బండి బరువెక్కుతూ వస్తుంది. నిన్నటిదాకా బాగున్న బండి ఈ రోజు ఎత్తులో మూడో గేరు కూడా లాగలేదంటే, చాలాసార్లు పంపుదాకా డీజిల్ సరిగా అందడం లేదని అర్థం. ట్యాంకు నుంచి పంపు వరకు ఉన్న దారి ముందు చూడాలి. అక్కడ పోయే డబ్బు వందల్లో, పంపు ఇంజెక్టర్ల దగ్గర పదుల వేలల్లో.

ముందు డ్రైవర్‌ను అడగాల్సింది ఒకటుంది. పది పదిహేను కిలోమీటర్లు బాగానే వచ్చి, తర్వాత పడిపోయి, పక్కన ఆపి టీ తాగి వస్తే మళ్లీ బాగా లాగుతోందా? అలాగైతే ట్యాంకు లోపలి జాలీని అనుమానించండి. నడిచేటప్పుడు పీల్పుడుకు చెత్త వచ్చి జాలీకి అతుక్కుంటుంది, ఇంజన్ ఆపగానే విడిపోయి అడుక్కు జారుతుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయినా ఇదే వరస. బండి పడిపోయిన క్షణంలోనే మూత వదులు చేయండి. గాలి బుస్సుమని లోపలికి వెళ్లి బండి మళ్లీ లాగితే తప్పు మూతది. కడిగితే సరిపోతుంది.

పల్లెల్లో ట్రాక్టర్ల కోసం డ్రమ్ములో నిలవ పెట్టిన డీజిల్ పోయించుకునే బండ్లలో ఇది ఎక్కువ. డ్రమ్ము అడుగున తుప్పు ఉంటుంది, నీళ్లు ఉంటాయి, రెండూ పైపుతో పాటే వస్తాయి. ఫిల్టర్ అడుగున ఉన్న నీళ్ల నాబ్ వదిలి ఓ గ్లాసెడు, లోపలిది కనిపించే సీసాలోకి పట్టండి. పది నిమిషాలు కదపకుండా పెట్టండి. నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు వేరుపడతాయి. నల్లటి జిగురు ముద్దలు కనిపిస్తే నీళ్లు చాలా రోజులుగా ఉన్నట్టే. అప్పుడు ఫిల్టర్ ఒక్కటే మారిస్తే నాలుగు రోజుల్లో మళ్లీ అదే కథ. ట్యాంకు దించి కడగాల్సిందే. పైపులోంచి కంప్రెసర్ గాలి వెనక్కి కొడితే ఆ పూటకు బండి లాగుతుంది కానీ చెత్త ట్యాంకులోనే ఉండిపోతుంది.

ఫిల్టర్ మార్చేటప్పుడు చాలామంది చేసే పని: కొత్త ఫిల్టర్‌లో క్యాన్‌తో డీజిల్ నింపి బిగించడం. ఆ డీజిల్ వడకట్టింది కాదు. మధ్య రంధ్రంలో పోస్తే నేరుగా పంపులోకి పోతుంది. ఖాళీ ఫిల్టర్ బిగించి, ఫిల్టర్ దగ్గరుండే చిన్న చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి గాలి తీయండి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతోంది. ఫిల్టర్ తర్వాత ఒక జానెడు పారదర్శకమైన పైపు పెట్టి రేజ్ చేస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. చేతి పంపు రబ్బరు బుడ్డీ రకమైతే, రేజ్ చేసినప్పుడు అది లోపలికి చప్పబడుతోందేమో చూడండి. చప్పబడితే అడ్డు ట్యాంకు వైపే.

ట్యాంకులో కరెంటు పంపు లేని బండ్లకు ఇంకో పరీక్ష ఉంది, తిరుగులేనిది. ఐదు లీటర్ల క్యాన్‌లో బంకు నుంచి శుభ్రమైన డీజిల్ తెచ్చి, పడిపోకుండా గట్టిగా కట్టి, ఫిల్టర్‌కు వచ్చే పైపును దాంట్లో పెట్టండి. మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా అదే క్యాన్‌లోకి. లోడుతో ఓ ఎత్తు ఎక్కించి చూడండి. బండి లాగితే పంపు, ఇంజెక్టర్ల మీద చెయ్యి వేయాల్సిన పని లేదు. కరెంటు పంపు ఉన్న బండిలో కీ ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లు ట్యాంకులో గుయ్‌మని వినిపించాలి. వినిపించకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడండి.

ఇవన్నీ బాగున్నాక, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో రైలు ప్రెషర్ చూడాలి. రైలు అంటే పంపు నుంచి వచ్చిన డీజిల్‌ను ఒత్తిడితో నిలిపి అన్ని ఇంజెక్టర్లకూ పంచే గొట్టం. ఐడిల్‌లో చాలా బండ్లకు సుమారు 250 నుంచి 350 బార్ ఉంటుంది. నిలబెట్టి చూస్తే సరిపోదు, లోడు మీద నడుపుతూ ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అడుగుతున్న ప్రెషర్‌ను, వస్తున్న ప్రెషర్‌ను పక్కపక్కన చూడాలి. అడిగింది 1400 అయి వస్తున్నది 900 దగ్గరే ఆగితే ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్షకు వెళ్లండి. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కు ఒక్కో చిన్న సీసా తగిలించి, రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే చాలు. మూడింట్లో ఒకే మట్టం ఉండి నాలుగో దాంట్లో రెండింతలు దాటి వస్తే తప్పు ఆ ఒక్కదానిదే. దాన్ని మాత్రం టెస్ట్ బెంచ్‌కు పంపండి. "నాలుగూ సెట్‌గా మార్చాలి" అంటే ఎందుకో సీసాలు చూపించి చెప్పమనండి. కొత్త ఇంజెక్టర్ మీద కోడ్ ఉంటే దాన్ని ఈసీయూలో ఎక్కించాలి, లేకపోతే పొగ, మిస్సింగ్ వస్తాయి.

పంపు నిజంగా పోయే సందర్భమూ ఉంది. పంపు మీది మీటరింగ్ వాల్వు (పంపులోకి ఎంత డీజిల్ వెళ్లాలో అదుపు చేసేది) విప్పితే దాని జాలీకి మెరిసే లోహపు పొడి అంటుకుని ఉంటుంది, వేలితో రుద్దితే వెండి రంగు అంటుతుంది. అప్పుడు పంపు ఒక్కటే మారిస్తే చాలదు. ఆ పొడి రైలులోకి, ఇంజెక్టర్లలోకి వెళ్లి ఉంటుంది. లైను మొత్తం, ట్యాంకుతో సహా, శుభ్రం చేయాలి. ఖర్చు తప్పదు.

అపోహ: ఇంజెక్టర్‌కు వెళ్లే పైపు నట్టు వదిలి చూస్తే ఏ సిలిండర్ కొట్టడం లేదో తెలుస్తుంది.

పాత పంపు బండ్లలో నడిచిన పద్ధతి ఇది. ఒకే రైలు నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందే కామన్ రైల్ బండ్లలో చేయకండి, చేస్తుంటే పక్కనుంచి చూస్తూ ఊరుకోకండి. ఆ ప్రెషర్‌లో సన్నగా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. అయినా అదే గంటలో పెద్దాసుపత్రికి వెళ్లాలి, డీజిల్ గుచ్చుకుందని డాక్టరుకు చెప్పాలి. ఆలస్యమైతే వేలు, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. సిలిండర్ పరీక్ష స్కానర్‌తోనే చేయవచ్చు.

అపోహ: నల్ల పొగ, పుల్లింగ్ లేదు, కాబట్టి టర్బో (ఇంజన్‌లోకి గాలిని నెట్టేది) పోయింది.

నల్ల పొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి లేదని. పొగ లేకుండా బండి నీరసపడితే డీజిల్ అందడం లేదని, లేదా ఈసీయూనే డీజిల్ తగ్గించిందని. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం దారి తెలిసినట్టే.

నల్ల పొగతో వచ్చిన బండిలో ముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు పైపులు చూడండి. చీలిక తరచూ కింది వైపు ఉంటుంది, లేదా క్లిప్పు అంచు కింద దాక్కుంటుంది. ఐడిల్‌లో మూసుకునే ఉంటుంది, లోడు మీద గాలి నిండినప్పుడే విచ్చుకుంటుంది. గుర్తుపట్టడం కష్టం కాదు: పైపు అంతా పొడి దుమ్ము ఉంటే చీలిక చుట్టూ మాత్రం నూనె చెమ్మకు ఎర్రమట్టి ముద్దగా పట్టి ఉంటుంది. ఆ ముద్ద తుడిచి రబ్బరును వంచితే నోరు తెరుస్తుంది. పైపు లోపల పల్చటి నూనె పొర ఉండటం మామూలే, దానికి టర్బోను నిందించకండి. తర్వాత, టర్బో యాక్చుయేటర్‌కు (టర్బో ఒత్తిడిని అదుపు చేసే భాగం) వెళ్లే సన్నటి వ్యాక్యూమ్ పైపు చూడండి. ఇంజన్ వేడికి ఎండి పెళుసుబారుతుంది, చివర విరిగినా పైకి తగిలించినట్టే కనిపిస్తుంది.

టర్బోను చల్లారాకే చూడాలి. గాలి పైపు తీసి షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకోండి. పక్కలకు కొద్దిగా కదిలితే పర్వాలేదు. ముందుకు వెనక్కు ఆడినా, రెక్కలు గోడను గీసిన గుర్తు ఉన్నా పని అయిపోయినట్టే. సైరన్ లాంటి కూతతో నీలం పొగ వస్తే మాత్రం వెంటనే ఇంజన్ ఆపండి. టర్బో సీలు దాటిన ఆయిల్‌నే ఇంజన్ తాగి, కీ తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది.

అపోహ: స్కానర్ పెడితే ఏ పార్టు పోయిందో చెప్పేస్తుంది.

చెప్పదు. స్కానర్ చూపే పీ 0087 కోడ్ అంటే రైలు ప్రెషర్ తక్కువగా ఉందని మాత్రమే. ఫిల్టర్ మూసుకుపోయినా వస్తుంది, పంపు పోయినా వస్తుంది. పీ 0299 అంటే టర్బో గాలి ఒత్తిడి చాలడం లేదని, చీలిన పైపుకూ అదే కోడ్. కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు బాగా లాగి మళ్లీ పడిపోతోందంటే ఇంజన్ లింప్ మోడ్‌లోకి వెళ్తోంది, అంటే ఈసీయూ కావాలనే బలం తగ్గిస్తోంది. కోడ్ చెరిపేసే ముందు ఫోటో తీసుకోండి, చెరిపాక ఆధారం పోతుంది.

మిగిలినవి.

ఎయిర్ ఫిల్టర్‌కు గాలి కొడితే కొత్తదైపోదు. బయటి నుంచి లోపలికి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దూరుతుంది, ఎక్కువ ప్రెషర్‌కు కాగితం చిరుగుతుంది. బేతంచెర్ల, తాడిపత్రి రాళ్ల క్వారీల్లో తిరిగే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్లకన్నా ముందే మార్చాలి.

కిరసనాయిలు కలిపితే ఇంజెక్టర్లు శుభ్రపడవు. పంపుకు డీజిలే కందెన. అది పల్చబడితే లోపలి భాగాలు ఒరుసుకుంటాయి.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్ 6 బండిలో దాని లైటు వెలిగితే పీకేయించడం పరిష్కారం కాదు. హైవే మీద ఒకే వేగంతో పదిహేను ఇరవై నిమిషాలు నడపండి, మధ్యలో ఆపకండి. అప్పటికీ లైటు పోకపోతే వర్క్‌షాపులో రీజనరేషన్ (ఆ మసిని కాల్చేయడం) చేయించాలి.

ఆర్‌పీఎం పెరుగుతూ బండి ముందుకు పోకపోతే అది ఇంజన్ తప్పు కాదు, క్లచ్ జారుతోంది. చదును నేల మీద, ఎదురుగా ఎవరూ లేని చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, నాలుగో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే క్లచ్ ప్లేటు చూడండి. క్లచ్ బాగుంటే బ్రేకులు చూడండి. ఓ పది కిలోమీటర్లు నడిపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ముట్టించకుండా కాస్త దూరంలో పెట్టి చూడండి. ఒక్క డ్రమ్ము మాత్రమే సెగ కొడుతుంటే బ్రేకు పట్టేసి ఉంది.