అలుగు కడుపులో తిరగలి

ఒడిశాలోని గుణుపురం వైపు నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఇంగ్లండులో ఉంటున్న వాళ్ళబ్బాయి పొరుగింటావిడ, తోటలో చలికి బిగుసుకుపోయిన హెడ్జ్‌హాగ్‌ను (ఒళ్ళంతా ముళ్ళుండే చిన్న జంతువు) అట్టపెట్టెలో పెట్టి, పిల్లిమేత పెట్టి, బాగుచేసి మళ్ళీ తోటలోకే వదిలిందట. వీళ్ళ ఊరి జీడితోటలో దొరికిన అలుగు (ఒళ్ళంతా పొలుసులుండే పాంగోలిన్) మాత్రం ఎవరు ఏం పెట్టినా ముట్టలేదట, చివరికి దక్కలేదు. "రెండూ ముట్టుకుంటే ఉండ చుట్టుకునేవే, రెండూ పురుగుల్ని తినేవే. దానికి కుదిరింది దీనికెందుకు కుదరలేదండీ?" అని ఆవిడ ప్రశ్న.

ఇలాంటి ప్రశ్న కోసం జువాలజీ మేష్టర్లు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. క్లాసులో ఎవరూ అడగరు. పరీక్షలో రాదు కదా.

ముందు హెడ్జ్‌హాగ్ సంగతి తేల్చేద్దాం. ఇది మన ఏదుపంది కాదు. ఏదుపంది ఎలుకల వర్గం, ఇది ఎలుక కాని చుంచుకు చుట్టం. దీని బంధువులు మన దేశంలోనూ గుజరాత్, రాజస్థాన్ పొడి నేలల్లో, తమిళనాడు మెట్టల్లో ఉన్నాయి. మన గజపతి, రాయగడ కొండల్లో కనబడవు. దాని నోట్లో 36 పళ్ళుంటాయి. పేడపురుగు, వానపాము, నత్త, పిట్టగుడ్డు, ఏది దొరికినా నమిలేస్తుంది. కాపాడేవాళ్ళకు సగం పని అక్కడే తేలికైపోయింది. ఇంగ్లండులో టిగ్గీవింకుల్స్ అని దీని కోసమే పేరుపడ్డ ఆస్పత్రి ఉంది, ఇళ్ళలో చూసుకునే వాలంటీర్లు ఊరూరా ఉన్నారు. వాళ్ళు మొదట ఒళ్ళు వెచ్చబరుస్తారు, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే తిండి. చల్లబడ్డ ఒంట్లో పేగులు సరిగ్గా పనిచెయ్యవు కాబట్టి ఆ వరస తప్పితే తిండే ప్రాణం మీదికి తెస్తుంది. పాలు పొయ్యరు, ఎందుకంటే పాలలో ఉండే చక్కెర, లాక్టోజ్, అరక్క విరేచనాలు పట్టుకుంటాయి. శీతకాలపు నిద్రలో దాని గుండె నిమిషానికి 20 సార్లకు పడిపోతుంది, నెలల తరబడి ఒంట్లో కొవ్వే ఆధారం. అందుకని చలి ముదిరే ముందు వంటింటి త్రాసు మీద తూచి, 600 గ్రాములకు దగ్గరపడిందా లేదా చూసి వదులుతారు. పిల్లిమేత అంటే మాంసమే, పళ్ళున్నాయి, కడుపు మామూలు కడుపు. కథ అయిపోయింది.

ఇప్పుడు అసలు వ్యవహారం.

అలుగును దగ్గర్నుంచి చూసినవాళ్ళు తక్కువ. మా బరంపురం వైపు ఒడియావాళ్ళు బజ్రకాప్తా అంటారు. పుస్తకాల్లో పేరు మానిస్ క్రాసికాడేటా, 1803లో పెట్టింది. ఓసారి ఒక అటవీ రేంజి ఆఫీసు వరండాలో ఇనప డ్రమ్ములో ఉన్నదాన్ని చూశాను. పొలుసుల అంచులు మట్టిలో రాసుకుని రాసుకుని అరిగి ఉన్నాయి, సందుల్లోంచి గరుకు వెంట్రుకలు పొడుచుకొచ్చాయి. చాలాసేపు ఉండ ఉండలాగే ఉంది. గార్డు చెదపట్టిన కర్రముక్క ఒకటి లోపల పడేసి, మమ్మల్నందర్నీ వెనక్కి జరగమన్నాడు. కాసేపటికి ముక్కు ఒక్కటే బయటికొచ్చి గాలి పీల్చింది. తర్వాత నాలుక. తడిగా, సన్నగా, ఆ కర్ర పగుల్లోకి దూరి బయటికి రావడం కంటికి ఆనలేదు. వచ్చినప్పుడల్లా దాని మీద తెల్లచుక్కలు, అవే చెదలు.

ఆ నాలుక మొదలు గొంతులో లేదు. మనకు నాలుక కంఠం దగ్గర ఒక చిన్న ఎముకకు అతుక్కుని ఉంటుంది. అలుగు నాలుక అక్కడ ఆగకుండా ఛాతీలోకి దిగి, రొమ్ముటెముక చివరి దాకా పోతుంది. జిగురు లాలాజలం తయారుచేసే గ్రంథులు మెడలోకి పాకి ఉంటాయి. పళ్ళు ఒక్కటీ లేవు. 2016లో వెలువడిన అలుగు జన్యుపటంలో పంటి పింగాణీ కట్టే జన్యువులు పాడైపోయి కనబడ్డాయి. అంటే రేపు అవసరపడినా పింగాణీ ఉన్న పళ్ళు మొలిచే దారి లేదు.

పళ్ళు లేకుండా చీమని ఎలా అరిగిస్తుంది? చీమ ఒంటి పైన కైటిన్ పెంకు ఉంటుంది. దాన్ని పగలగొట్టకపోతే లోపలి మాంసకృత్తులు, కొవ్వు అందవు. అలుగు చీమను నమలదు, మింగుతుంది. నమిలే పని కడుపుకు అప్పగించింది. కోడికి కందనకాయ ఉన్నట్టే దీని కడుపులో కింది భాగం దళసరి కండరం. అదొక తిరగలి.

తిరగలి అని ఊరికే అనలేదు, విడి భాగాలు ఒక్కొక్కటే సరిచూద్దాం. తిరగలికి రాయి కావాలి. అలుగు పుట్ట తవ్వేటప్పుడు చీమలతో పాటు ఇసక, చిన్న చిన్న గులకరాళ్ళు మింగుతుంది. అవి కడుపులో నిలిచి రాళ్ళుగా పనికొస్తాయి. తిరగలికి తిప్పే చెయ్యి కావాలి, అది ఆ దళసరి కండరం. రాళ్ళు నునుపుదేరితే పిండి పడదు కాబట్టి వెనకటి రోజుల్లో వీధుల్లోకి వచ్చి రోళ్ళకీ తిరగళ్ళకీ కక్కు కొట్టేవాళ్ళు, అంటే ఉలితో గాట్లు పెట్టి గరుకుచేసేవాళ్ళు, ఉండేవారు. అలుగు కడుపు లోపలి పొర మన కడుపు పొరలా మెత్తగా ఉండదు. గోళ్ళలో ఉండే కెరటిన్ పట్టి కరకుగా ఉంటుంది, పేగులోకి దారితీసే చోట కొమ్ములాంటి మొనలు దేలి ఉంటాయి. కక్కు పుట్టుకతోనే కొట్టి ఉందన్నమాట. మరి తిరగలి తనను తాను అరగదీసుకోదా? ఆ కెరటిన్ పొరే దానికి కవచం. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. కడుపంతా కవచం పరిస్తే ఆమ్లం ఊరే గ్రంథులకు చోటెక్కడ? మన కడుపులో అవి గోడ మీద విస్తారంగా పరుచుకుని ఉంటాయి. అలుగులో వాటిని పెద్ద వంపు దగ్గర ఒక సంచిలాంటి చోట కుక్కి పెట్టారు. అక్కణ్ణుంచి రసం తిరగట్లోకి దిగుతుంది. పిండి పట్టడం ఒక చోట, పులుసు పొయ్యడం ఇంకో చోట. కైటిన్‌ను కరిగించే ఎంజైము సంగతీ చెప్పాలి. దాన్ని తయారుచేసే జన్యువుల్లో చాలావాటిని అలుగులు పోగొట్టుకున్నాయి. మిగిలిన సీహెచ్ఐఏ5 అనే ఒక్క జన్యువునే గట్టిగా వాడుకుంటున్నాయి, లాలాజల గ్రంథుల్లో కూడా. చీమ గొంతు దిగకముందే పెంకు మీద పని మొదలవుతుందన్నమాట.

పదో తరగతి పుస్తకంలో జీర్ణవ్యవస్థ అంటే ఒకే బొమ్మ, మనిషిది. పిల్లలు దాన్ని గీసి, రంగులేసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకుంటారు. పక్కన అలుగు కడుపు బొమ్మ ఒక్కటి వేస్తే మనిషి కడుపు ఎందుకలా ఉందో కూడా అర్థమయ్యేది.

ఇప్పుడు ఈ తిరగట్లో పాలన్నం పొయ్యండి. పట్టడానికి గింజ లేదు, రాయి లేదు, పెంకు లేదు. మెత్తటి ముద్ద, కొవ్వు, చక్కెర. విరేచనాలు పట్టుకుంటాయి. అసలు అంతవరకూ రానే రాదు, ఎందుకంటే అలుగుకు అది తిండి అన్న సంగతే తెలియదు. దాని చూపు అంతంతమాత్రం. తిండిని వాసనతో వెతుకుతుంది, మట్టి తవ్వితేనే దొరుకుతుందని దాని లెక్క. పళ్ళెంలో పెట్టినదాన్ని తొక్కుకుంటూ పోతుంది. ఆకలి ఒక పక్క, జనం గొడవ ఇంకో పక్క. ఆ టెన్షన్‌లో ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది, కడుపు గోడకు రక్షణగా ఉండే జిగురు తగ్గుతుంది, రక్తం సరఫరా తగ్గుతుంది, పుండ్లు పడతాయి. బంధనంలో చనిపోయిన అలుగులను కోసి చూసినప్పుడు కడుపులో పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము తరచుగా కనబడతాయి. నిమ్ముకు కారణం సగం వాటి ఒళ్ళే. శరీర ఉష్ణోగ్రత 32 నుంచి 35 డిగ్రీల మధ్య, మనకన్నా తక్కువ. చీమల తిండితో వచ్చే శక్తి అంతంతే కాబట్టి ఒంటి పొయ్యిని సన్నంగా మండించుకుంటాయి. చల్లటి సిమెంటు గచ్చు మీద రాత్రంతా ఉంచితే తట్టుకోలేవు. పైగా అదే 2016 పరిశోధనలో చర్మాన్ని, లోపలి పొరలను అంటువ్యాధుల నుంచి కాపాడే ఇంటర్ఫెరాన్ ఎప్సిలాన్ అనే జన్యువు కూడా చెడిపోయి ఉన్నట్టు తేలింది. అంత గట్టి పొలుసుల కవచం వచ్చాక లోపలి కాపలాదారు అక్కర్లేకపోయాడేమో అని ఆ శాస్త్రవేత్తల ఊహ. ఊహే, కానీ నాకు నచ్చిన ఊహ.

దొంగలు ఇంకా ఘోరం చేస్తారు. వియత్నాం, చైనా దారుల్లో బరువు పెంచి అమ్మడానికి గొట్టం పెట్టి పిండి జావ ఎక్కిస్తారు. అలా పట్టుబడ్డవాటిని బతికించడం మరీ కష్టం.

మరి ఎవరూ గెలవలేదా అంటే గెలిచారు, తలా ఒక దారిలో. తైవాన్‌లో తైపీ జంతుశాలవాళ్ళు తేనెటీగల లార్వాలు, మీల్‌వర్మ్ పురుగులు, గుడ్డు పచ్చసొన, ఆపిల్ రుబ్బి ముద్ద చేశారు. ఆ ముద్దలో మట్టి కలిపారు, అప్పుడు పేడ గట్టిపడింది. తిరగలి కథ విన్నవాళ్ళకు మట్టి ఎందుకని చెప్పక్కర్లేదు. వియత్నాంలో గడ్డకట్టించి దాచిన చీమలు పెడతారు. ఇక మన నందన్‌కానన్ మన ఇంటి దగ్గరిది. భువనేశ్వర్ అంచున ఉన్న ఆ జంతుశాలలో భారతీయ అలుగు కోసమే ప్రత్యేకంగా సంతానోత్పత్తి కేంద్రం ఉంది, అక్కడ పిల్లలు పుట్టాయి కూడా. అక్కడి మేతలో చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల గుడ్లు ఉంటాయి. మయూర్‌భంజ్‌లో కాయి చట్నీ నూరేది ఈ చీమలతోనే. ఆ చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చినప్పుడు పేపర్లన్నీ రాశాయి. అలుగుకు ఆ రుచి ఎప్పట్నించో తెలుసు.

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం కలిగించింది ఆఫ్రికా పద్ధతి. జింబాబ్వేలో టికీ హైవుడ్ ఫౌండేషన్, దక్షిణాఫ్రికాలో జోహానెస్‌బర్గ్ వన్యప్రాణి ఆస్పత్రి అలుగుకు తిండి తెచ్చిపెట్టవు. అలుగునే తిండి దగ్గరికి తీసుకెళతాయి. ఒక మనిషి దాని వెనకే గంటల తరబడి పొదల్లో నడుస్తాడు. అది వాసన చూసి ఆగుతుంది, తవ్వుతుంది, తింటుంది, మళ్ళీ నడుస్తుంది. వెళ్ళే ముందు, వచ్చాక తూస్తారు, ఆ తేడాయే ఆ పూట భోజనం. గొలుసు లేదు, తొందరపెట్టడం లేదు. గొర్రెల కాపరికి కూడా ఇంత ఓపిక అక్కర్లేదేమో. రాళ్ళు, మట్టి, పెంకు, ఎంజైము అన్నీ ఎలా ఉండాలో అలా కడుపులోకి పోతాయి. మనిషి రుబ్బాల్సింది ఏమీ లేదు.

మూఢనమ్మకాల గురించి ఒక్క మాట రాయకపోతే మా బరంపురంలో కొందరు పెద్దవాళ్ళు ఊరుకోరు. అలుగు పొలుసుతో ఉంగరం చేయించుకుంటే మొలలు తగ్గుతాయని చెబుతారు. ఆ పొలుసు కెరటిన్, గోరు కూడా కెరటినే. నమ్మకం అంత గట్టిదైతే ఆదివారం గోళ్ళు తీసుకుని దాచుకోండి, జైలు భయం ఉండదు. అలుగు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, పులితో సమానం. 2016లో వన్యప్రాణుల వ్యాపారం మీద జోహానెస్‌బర్గ్‌లో జరిగిన దేశాల సమావేశంలో అన్ని జాతుల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించారు. 2020లో చైనా కూడా తన అధికారిక ఔషధ గ్రంథం నుంచి పొలుసులను తీసేసింది. చైనాయే తన పుస్తకంలోంచి తీసేశాక మనకెందుకండీ ఈ ఉంగరాలు?

పాఠకురాలు ఉత్తరం చివర, మళ్ళీ దొరికితే ఏం చెయ్యాలని కూడా అడిగారు. ఉండను విప్పడానికి ప్రయత్నించకండి, తోక పట్టి లాగకండి. గోనెసంచీ వద్దు, గోళ్ళతో చీల్చుకుని పోతుంది, చీలకపోతే లోపల ఊపిరాడదు. మూతకు రంధ్రాలు చేసిన గట్టి డ్రమ్ము, అడుగున పొడి మట్టి, చీకటి చోటు చాలు. చుట్టూ జనం చేరకుండా, ఎవరూ గట్టిగా కేకలెయ్యకుండా ఒకరు కాపలా ఉండాలి. వెడల్పాటి మూకుడులో నీళ్ళు పెట్టొచ్చు, పాలు, అన్నం, అరటిపండు వద్దు. ఫోటో తీసి గ్రూపుల్లో పెడితే కొనేవాళ్ళకు చిరునామా ఇచ్చినట్టే. వెంటనే రేంజి ఆఫీసుకు ఫోన్ చెయ్యండి. కుక్క కరిచినా, ఉచ్చు బిగిసినా, కాలు వేలాడుతున్నా పశువుల డాక్టరు చూడాలి, అవసరమైతే నందన్‌కానన్ దాకా పంపాలి. దెబ్బలేమీ లేకపోతే ఆస్పత్రి అక్కర్లేదు. ఎక్కడ దొరికిందో ఆ చుట్టుపక్కలే, చెదపుట్టలున్న చోట, సాయంత్రం చీకటి పడుతుండగా అటవీశాఖ వాళ్ళు వదిలేస్తే సరి. అందుకే దొరికిన చోటు గుర్తుపెట్టుకుని వాళ్ళకు కచ్చితంగా చెప్పండి. మధ్యప్రదేశ్‌లో అటవీశాఖ, వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ ట్రస్ట్ కలిసి, కాపాడిన అలుగులకు రేడియో ట్యాగులు పెట్టి వదిలాయి. వదిలాక అవి ఎటు పోతున్నాయో, బతుకుతున్నాయో లేదో తెలియాలంటే అదే దారి. మన కొండల్లో ఆ ట్యాగులు వచ్చేదాకా, కొద్దిరోజులు ఆగాల్సిన అలుగు విషయంలో నేను గార్డులకు చెప్పేది ఒకటే. డ్రమ్ములో పేడ పారెయ్యకండి, నీళ్ళలో కరిగించి వడకట్టి చూడండి. ఇసకతో పాటు చీమల తలలు ముక్కలై కనబడితే తిరగలి ఆడుతున్నట్టే, ఇంక దాన్ని ఆపి ఉంచాల్సిన పని లేదు.