రోగి మాట్లాడుతుండగా మెదడుకు శస్త్రచికిత్స: మందు పడనప్పుడు మత్తు ఎలా?

"మీకు ఏ మందులు పడవు?" మెలకువలో మెదడుకు శస్త్రచికిత్స చేయించుకోబోయే వ్యక్తిని మత్తు వైద్యులు తప్పక అడిగే ప్రశ్న ఇది. జవాబుగా మందు పేరొక్కటే తెలిస్తే చాలదు. అది వాడాక ఏమైంది, ఎంతసేపటికి అయింది అనేది రాబట్టాలి. వాంతి ఒక్కటే అయితే అది సాధారణంగా అలర్జీ కాదు. పన్ను తీసేటప్పుడు సూది వేయగానే గుండె దడదడలాడిందంటే, చాలాసార్లు కారణం అందులో కలిపిన అడ్రినలిన్, లేదా భయం. ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి ఆడకపోతే మాత్రం ఆ మందును పక్కన పెట్టాల్సిందే.

ఈ శస్త్రచికిత్సలో ఆ తేడా మరీ ముఖ్యం. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. తలచర్మానికి, ఎముక మీది పొరకు, మెదడును కప్పి ఉంచే గట్టి పొరకు తెలుస్తుంది. అందుకే తలచర్మానికి వెళ్లే నరాల దగ్గర బుపివకైన్ లేదా రోపివకైన్ అనే తిమ్మిరి మందును సూదితో ఎక్కిస్తారు. ఆ మొద్దుబారుదల ఉంటేనే రోగి బొమ్మలు చూసి పేర్లు చెప్పగలడు, వేళ్లు కదపగలడు. మాటకు, కదలికకు అవసరమైన భాగాలను తాకకుండా వైద్యులు కణితిని తీయగలరు. "తిమ్మిరి సూది పడదు" అన్న పాత మాటను పరీక్షించకుండా నమ్మితే ఈ దారే మూసుకుపోతుంది. ఈ జాతి మందులకు నిజమైన అలర్జీ చాలా అరుదు. చర్మపరీక్ష చేసి, ఆ తర్వాత వైద్యుల కళ్లెదుట కొద్దికొద్దిగా మోతాదు పెంచి తేల్చుకోవచ్చు.

నరంలోకి ఎక్కించి నిద్రపుచ్చే మందు ప్రొపొఫాల్ విషయంలోనూ ఇలాంటి భయమే ఉంది. అందులో సోయా నూనె, గుడ్డు పచ్చసొనలోని లెసిథిన్ అనే కొవ్వు పదార్థం ఉంటాయి. కానీ గుడ్డు అలర్జీకి ఎక్కువగా కారణమయ్యేవి తెల్లసొనలోని ప్రొటీన్లు. గుడ్డు పడని వారిలో చాలామందికి ప్రొపొఫాల్ ఇవ్వవచ్చని నిపుణుల సంఘాలు చెబుతున్నాయి.

ప్రొపొఫాల్‌కే నిజంగా అలర్జీ ఉంటే? అప్పుడు అక్కరకొచ్చేది డెక్స్‌మెడెటోమిడిన్. అమెరికాలో 1999లో అనుమతి పొందిన ఈ మందు మెదడుకాండంలో మెలకువను నిలిపే ఒక చిన్న కేంద్రాన్ని నెమ్మదింపజేస్తుంది. వచ్చేది సహజ నిద్రకు దగ్గరగా ఉండే మగత. పిలిస్తే లేస్తారు, శ్వాస మందగించడం తక్కువ. నాడి, రక్తపోటు మాత్రం పడిపోవచ్చు. నొప్పి మిగిలితే రెమిఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు తోడవుతుంది. ఆపిన కొద్ది నిమిషాల్లోనే దాని ప్రభావం తగ్గుతుంది, కానీ మోతాదు మించితే అది శ్వాసను అణచివేస్తుంది.

మత్తుమందు మీదే దృష్టి పెట్టి అసలు ముద్దాయిని వదిలేయకూడదు. శస్త్రచికిత్స వేళ వచ్చే తీవ్ర అలర్జీలపై బ్రిటన్‌లో జరిగిన సర్వే 2018లో వెలువడింది. అందులో మొదటి స్థానం యాంటీబయాటిక్‌లది, తర్వాతిది కండరాలను సడలించే మందులది. చర్మం మీది క్రిములను చంపే ద్రవం క్లోర్‌హెక్సిడిన్ కూడా ముఖ్య కారణాల్లో ఉంది. రోగి తానే ఊపిరి తీసుకునే పద్ధతిలో కండరాలను సడలించే అవసరం సాధారణంగా రాదు కాబట్టి ఒక ముప్పు తగ్గినట్టే. యాంటీబయాటిక్ మాత్రం ఇవ్వక తప్పదు. తలను బిగింపులో బంధించి, ముఖం చుట్టూ గుడ్డలు కప్పాక, గొంతులో గొట్టం లేని మనిషికి ఊపిరి ఆగితే గొట్టం వేయడం ఎంతో కష్టం. అందుకే యాంటీబయాటిక్‌ను ముందే, తల ఇంకా స్వేచ్ఛగా ఉన్నప్పుడే, తీవ్ర అలర్జీకి విరుగుడైన అడ్రినలిన్ చేతికందేలా పెట్టుకుని ఇచ్చి, కొన్ని నిమిషాలు గమనించడం మేలు.