డెమోయిన్‌లో ఒక కుర్చీ కోసం ఐదేళ్లు

అమెరికాలోని అయోవా రాష్ట్రానికి డెమోయిన్ రాజధాని. అక్కడి దిగువ సభలో, సభ్యులు కూర్చునే హాల్లోనే విలేకరులకూ కొన్ని బల్లలు వేస్తారు. సభ్యులు అటూ ఇటూ వెళ్తుంటే పలకరించవచ్చు, సవరణ ఎందుకు తెచ్చారో అక్కడికక్కడే అడగవచ్చు. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి లారా బెలిన్ 2019 నుంచి అర్జీలు పెట్టుకుంటూ వచ్చారు. పెట్టిన ప్రతిసారీ కుదరదన్నారు. చివరికి 2024 జనవరిలో ఆమె ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. కేసు వేసిన కొద్ది రోజులకే పాస్ చేతికి వచ్చింది.

బెలిన్ బ్లాగర్. ఆమె నడిపే ‘బ్లీడింగ్ హార్ట్‌లాండ్’ 2007లో మొదలైంది. అతిగా జాలిపడతారని ఉదారవాదులను ఎద్దేవా చేసే మాటను, దేశం నడిబొడ్డున ఉన్న తమ ప్రాంతం పేరుతో కలిపి పెట్టుకున్న పేరది. తన అభిప్రాయాలు ప్రగతిశీలమైనవని ఆమె ఎన్నడూ దాచలేదు. ఒకప్పుడు రష్యా రాజకీయాలనూ మీడియానూ విశ్లేషించిన మనిషి, తర్వాత సొంత రాష్ట్రం శాసనసభ మీద, గవర్నర్ కార్యాలయం మీద దృష్టి పెట్టారు.

మన దగ్గర అక్రిడిటేషన్ కార్డు కోసం తిరిగిన ఏ మండల విలేకరికైనా ఈ గొడవ కొత్తగా అనిపించదు. కార్డుంటే బస్సులో రాయితీ, ఆఫీసుల్లో కాస్త మర్యాద. లేకపోతే ఎన్నేళ్లు రాసినా ‘నువ్వు ఏ పేపర్?’ అన్న ప్రశ్నే. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు తెచ్చి, ఆన్‌లైన్ వార్తా సంస్థల వాళ్లకూ కార్డులిస్తామంది. ఏ కారణాలతో కార్డు వెనక్కి తీసుకోవచ్చో కూడా ఆ మార్గదర్శకాల్లోనే రాసింది.

విలేకరులకు ఇలా పాసులిచ్చే పద్ధతి అమెరికాలో పుట్టింది 1870ల చివర్లో. విలేకరులమని చెప్పుకుంటూ అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ గ్యాలరీల్లోకి, కంపెనీల తరఫున సభ్యుల చుట్టూ తిరిగే లాబీయిస్టులు దూరిపోతుంటే, వాళ్లను ఏరివేయడానికి విలేకరులే ఒక కమిటీగా ఏర్పడ్డారు. ఉద్దేశం మంచిదే. కానీ దినపత్రికకు పనిచేసేవాళ్లకే ప్రవేశం అన్న నిబంధన మరో పని కూడా చేసింది. నల్లజాతివారి పత్రికల్లో ఎక్కువ భాగం వారపత్రికలు. అందుకని ఆ పత్రికల విలేకరులెవరూ గ్యాలరీ మెట్లెక్కలేకపోయారు. 1947లో లూయిస్ లాటియర్ అనే నల్లజాతి విలేకరి దరఖాస్తు చేస్తే ఆ కమిటీ తిరస్కరించింది. సెనేట్ రూల్స్ కమిటీ కలగజేసుకుని ఆ నిర్ణయాన్ని మార్చాకే ఆయన లోపలికి వెళ్లగలిగారు. తలుపు మూసింది తోటి విలేకరులు, తెరిపించింది రాజకీయ నాయకులు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ విషయమే. రూలు పుస్తకం చేతిలో ఉంటే సాటి మనిషి పనిని కూడా గుర్తించకుండా ఉండొచ్చు.

బ్లాగర్ల వంతు 2002లో వచ్చింది. డిసెంబర్ 5న స్ట్రామ్ థర్మండ్ నూరవ పుట్టినరోజు వేడుక. 1948లో జాతి వేర్పాటు నినాదంతో అధ్యక్ష పదవికి పోటీ చేసిన మనిషి ఆయన. అప్పుడు ఆయన గెలిచి ఉంటే దేశానికి ఇన్ని సమస్యలు ఉండేవి కావని సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు ట్రెంట్ లాట్ ఆ వేడుకలో అన్నారు. పెద్ద పత్రికలు మొదట దాన్ని పట్టించుకోలేదు. జాష్ మార్షల్ లాంటి బ్లాగర్లు రోజుల తరబడి వదలకుండా రాశారు. డిసెంబర్ 20న లాట్ ఆ నాయకత్వాన్ని వదులుకున్నారు. ఆ తర్వాత 2004లో బోస్టన్‌లో జరిగిన డెమోక్రాటిక్ మహాసభకు బ్లాగర్లకూ పాసులు ఇచ్చారు. ఫెడరల్ ప్రాసిక్యూటర్ల తొలగింపు మీద మార్షల్ బృందం చేసిన కృషికి 2008లో జార్జ్ పోల్క్ జర్నలిజం అవార్డు దక్కింది. ఆ కథనాలకు ముడిసరుకు ఎక్కడిదో గమనించాలి. ఆర్కాన్సాలో, శాన్‌డియాగోలో స్థానిక పత్రికలు విడివిడిగా రాసిన వార్తలను కలిపి చూసినప్పుడే అసలు సంగతి బయటపడింది.

అయితే ఆ స్థానిక పత్రికలే చిక్కిపోతూ వచ్చాయి. ఒకప్పుడు అయోవాలోని 99 కౌంటీలకూ వెళ్లిన పత్రిక ‘డెమోయిన్ రిజిస్టర్’. కౌల్స్ కుటుంబం దాన్ని 1985లో గానెట్ సంస్థకు అమ్మేసింది. తర్వాతి దశాబ్దాల్లో దేశమంతటా జరిగినట్టే ఇక్కడా న్యూస్‌రూమ్ తగ్గిపోయింది. శాసనసభలో ఏం జరుగుతోందో రోజూ కూర్చుని రాసేవాళ్లు కరవయ్యారు. బెలిన్ లాంటివాళ్లు నింపింది ఆ ఖాళీనే.

కరోనా కాలంలో ఆమె గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ కార్యాలయానికి వరసగా సమాచార అర్జీలు పెట్టారు. మన సమాచార హక్కు చట్టం లాంటిదే అక్కడి ఓపెన్ రికార్డ్స్ చట్టం. కొన్ని అర్జీలకు ఏడాది దాటినా జవాబు లేదు. 2021 డిసెంబర్‌లో పౌర హక్కుల సంస్థ ఏసీఎల్‌యూ సాయంతో కేసు పడింది. అందులో ఆమె పేరు పక్కన మరో రెండు పేర్లున్నాయి. ఒకటి, ‘అయోవా క్యాపిటల్ డిస్పాచ్’ అనే వార్తా వెబ్‌సైట్ విలేకరి క్లార్క్ కాఫ్‌మన్‌ది. రెండోది, అయోవా సమాచార స్వేచ్ఛా మండలి అనే ప్రభుత్వేతర సంస్థకు చెందిన రాండీ ఎవాన్స్‌ది. ఇద్దరూ రిజిస్టర్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. ఒక బ్లాగర్‌కు స్థానిక పత్రికా ప్రపంచం ఇచ్చిన అసలైన గుర్తింపు ఇదేనని నా అభిప్రాయం. లాటియర్ రోజుల్లో తోటివాళ్లు తలుపు మూశారు. ఇక్కడ తోటివాళ్లే ఒకే కాగితం మీద ఆమెతో పాటు సంతకం చేశారు. కేసు పడ్డాక పత్రాలు ఇచ్చేశాం కాబట్టి ఇక వివాదమే లేదని గవర్నర్ పక్షం వాదించింది. 2023 ఏప్రిల్‌లో అయోవా సుప్రీంకోర్టు ఆ వాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. అర్జీలకు సకాలంలో జవాబివ్వాల్సిన బాధ్యత గవర్నర్‌కూ ఉందని తేల్చింది. అదే ఏడాది జూన్‌లో రాజీ కుదిరింది. ఏమ్స్ పట్టణంలోని కమ్యూనిటీ రేడియో కేహెచ్‌ఓఐలో శాసనసభ వ్యవహారాల మీద చర్చించే గొంతుల్లోనూ ఆమెది ఒకటి.

సభలో కుర్చీ మాత్రం దొరకలేదు. పైగా 2022 జనవరిలో ఎగువ సభ నాయకత్వం తమ హాల్లోని విలేకరుల బల్లలనే ఎత్తేసి, అందరినీ పై గ్యాలరీకి పంపింది. ఆ బల్లలు వందేళ్లకు పైబడిన ఆనవాయితీ. మీడియా అంటే ఎవరో నిర్వచించడం కష్టమైపోయిందని కారణం చెప్పారు. బ్లాగర్‌ను ఆపడానికి మొదలైన తర్కం ఏళ్ల తరబడి అక్కడ కూర్చున్న పత్రికలవాళ్లనూ మెట్లెక్కించింది.

అయోవా సభల్లో మెజారిటీ ఉన్న రిపబ్లికన్లు చేసిన పనిని పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో డెమోక్రాట్ గవర్నర్ టోనీ ఈవర్స్ కూడా చేశారు. సంప్రదాయవాద మేధో సంస్థ మకైవర్ ఇన్‌స్టిట్యూట్ విలేకరులను తన ప్రెస్ జాబితాలో చేర్చలేదు. వాళ్లు కోర్టుకెక్కితే 2021 ఏప్రిల్‌లో ఫెడరల్ అప్పీల్ కోర్టు గవర్నర్ వైపే నిలిచింది. ఆ తీర్పు నాకు నచ్చదు. మకైవర్ రాతలతో నేను ఏకీభవించను, అయినా నచ్చదు. ఆ కోర్టు పరిధిలోకి అయోవా రాదు కాబట్టి బెలిన్‌కు దారి మిగిలింది. ఆమె తరఫున వాదించడానికి వచ్చిన ‘ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫ్రీ స్పీచ్’ కూడా సంప్రదాయవాదుల కేసులు ఎక్కువగా చేపట్టే సంస్థే. అభిప్రాయం చూసి పాస్ ఆపడం రాజ్యాంగ విరుద్ధమన్నది వాళ్ల వాదన. దాని మీద కోర్టు తీర్పు చెప్పే అవసరం రాకుండానే దిగువ సభ పాస్ ఇచ్చేసింది.

ఆ జనవరిలో బెలిన్ దిగువ సభ హాల్లో కూర్చున్నారు. ఎగువ సభలో ఏం జరుగుతోందో రాయాలంటే మాత్రం ఆమె కూడా మిగతా విలేకరులందరితో పాటు గ్యాలరీకి ఎక్కాల్సిందే.