చెన్నై నీళ్లలో మలావీ రంగులు

చెన్నై కొళత్తూరు చేపల కొట్లో నీలంగా మెరిసిపోయిన పీకాక్ సిక్లిడ్, అంటే ఆఫ్రికాలోని మలావీ సరస్సు జాతి రంగుల చేప, ఇంటికొచ్చిన రెండో రోజుకే బూడిద రంగుకు తిరుగుతుంది. ఫొటోలో మరీ వెలవెలబోతుంది. చాలామంది ముందు లైటు మారుస్తారు, ఆ తర్వాత లెన్సు మారుస్తారు. అసలు చూడాల్సింది నీళ్లను, తొట్టిలో దాని పక్కనున్న చేపలను. సిక్లిడ్ తన రంగును తానే పెంచుకుంటుంది, తానే తగ్గించుకుంటుంది. నీళ్లూ సహవాసమూ వెలుగూ కుదిరితేనే ఆ రంగు పైకి తేలుతుంది. కెమెరా పని అక్కడి నుంచి మొదలవుతుంది.

ఈ చేపల్లో పసుపు, ఎరుపు రంగుద్రవ్యాల వల్ల వస్తాయి. నీలం పుట్టే తీరు వేరు. చర్మంలోని కొన్ని కణాల్లో గ్వానిన్ అనే పదార్థం పలుచటి పలకలుగా పేర్చి ఉంటుంది. ఆ పలకల మందాన్నీ వాటి మధ్య ఎడాన్నీ బట్టి నీలి కాంతి వెనక్కి తిరుగుతుంది. వాటి అడుగున మెలనిన్ నిండిన నల్ల కణాలుంటాయి. చేప బెదిరితే చారలు ముదురుతాయి, మెరుపు మాసిపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో రస్ ఫెర్నాల్డ్ బృందం బర్టోనీ అనే ఆఫ్రికా సిక్లిడ్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. పెత్తనం చేసే మగచేపను తొట్టిలోంచి తీసేస్తే, అంతవరకూ అణగి ఉన్న మగచేప నిమిషాల్లోనే రంగు తెచ్చుకుంటుందని ఆ పరిశోధనల్లో తేలింది.

వెలుగు సంగతీ అంతే ముఖ్యం. విక్టోరియా సరస్సులో నీళ్లు మసకబారిన చోట్ల మగచేపల రంగులు మందగించాయనీ, జాతుల సంఖ్య కూడా తగ్గిందనీ ఓలె జేహౌజెన్ బృందం 1997లో చూపింది. ఒకే రంగు వెలుగున్న తొట్లలో పెట్టినప్పుడు ఆడచేపలు తమ జాతి మగచేపనూ పక్క జాతి మగచేపనూ వేరు చేసి ఎంచుకోలేకపోయాయి. ఊదా, గులాబీ ఎల్ఈడీలు మన కంటికి ఎంత ముచ్చటగా ఉన్నా చేపలకు వద్దనేది అందుకే. పగటి వెలుగులాంటి 6500 కెల్విన్ తెల్లటి లైటు చాలు.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టిలో అంచుదాకా 680 లీటర్లు పడతాయి. 12 మిల్లీమీటర్ల గాజే 120 కిలోలు తూగుతుంది. రాళ్లు, ఇసుక, స్టాండు కలిస్తే మొత్తం టన్ను దగ్గరికి వస్తుంది. ఇళ్ల శ్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు లెక్కన కడతారు. ఈ టన్ను నిలబడేదేమో చదరపు మీటరు కన్నా కాస్త ఎక్కువ చోటులో. పై అంతస్తు ఫ్లాటయితే గది మధ్యలో పెట్టొద్దు. కింద దూలం ఉన్న గోడ వారగా పెట్టండి, అదీ ఇంజనీరుకు చూపించాకే. ముందు పలక ఒక్కటైనా ఎక్స్‌ట్రా క్లియర్ గాజు అడగండి. మామూలు గాజులోని ఇనుము వల్ల వచ్చే ఆకుపచ్చ ఛాయ ఈ మందంలో ఫొటోకు ఎక్కుతుంది.

రాళ్లను ఇసుక మీద పేర్చకూడదు. ఈ చేపలు రాత్రికి రాత్రే రాయి కింద ఇసుక తోడేస్తాయి, రాయి దొర్లి గాజుకు తగులుతుంది. అడుగు గాజు మీద ముందు ప్లాస్టిక్ జాలీ, దానిమీద రాళ్లు, ఆఖరున ఇసుక. తొట్టి కింద సంప్ ఫిల్టరు, అంటే నీళ్లను శుద్ధి చేసే మరో తొట్టి, పెట్టేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఈ తొట్టిలో ఒక సెంటీమీటరు నీటిమట్టమంటే 11 లీటర్లు. ఆ నీళ్లను మళ్లీ పైకి తెచ్చే రిటర్న్ పైపు మూతి ఐదు సెంటీమీటర్ల లోతున ఉంటే కరెంటు పోగానే 55 లీటర్లు వెనక్కి దిగుతాయి. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే నీళ్లన్నీ హాల్లోనే. పైపుకు నీటిమట్టం దగ్గర చిన్న రంధ్రం వేస్తే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రం నాచుతో పూడుతూ ఉంటుంది కాబట్టి నెలకోసారి పుల్లతో కెలకాలి.

ఇక నీళ్లు. మలావీ సరస్సు పీహెచ్ 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది. మెత్తటి నీళ్లు కోరే డిస్కస్ చేపలు పెంచేవాళ్లకు తలనొప్పి తెచ్చే చెన్నై బోరు నీళ్లు ఈ చేపలకు చాలాచోట్ల ఉన్నవి ఉన్నట్టే పనికొస్తాయి. చిక్కల్లా అపార్ట్‌మెంట్ నేలకింది నీళ్ల సంపుతోనే. ఒక వారం మెట్రో వాటర్, ఒక వారం లారీ నీళ్లు, మధ్యలో బోరు, అన్నీ అందులోనే కలుస్తాయి. నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు 900 చూపించిందని కాఠిన్యం బాగా ఉందనుకోవద్దు. సముద్రానికి దగ్గరి పేటల్లో అందులో సగం ఉప్పే కావచ్చు. కేహెచ్ (పీహెచ్‌ను నిలిపే కార్బొనేట్ కాఠిన్యం), జీహెచ్ (మొత్తం కాఠిన్యం) చుక్కల టెస్టు కిట్టుతో నీళ్లు మార్చిన ప్రతిసారీ చూడాలి. కేహెచ్ కాఠిన్యం కొలతలో ఆరు డిగ్రీలకు తగ్గితే వంటసోడా కలపాలి. వంద లీటర్లకు 3 గ్రాములు వేస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది. రోజుకు ఒక డిగ్రీ మించొద్దు. ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోస్తే కేహెచ్ ఉండదు, పీహెచ్ జారిపోతుంది. పగడపు ముక్కలు వేయమనే సలహా వినొద్దు. వాటికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కోళ్ల దాణా కొట్లో దొరికే ఆల్చిప్పల గ్రిట్‌ను కడిగి సంచిలో కట్టి ఫిల్టరులో వేస్తే అదే పని చేస్తుంది.

మెట్రో నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వంద లీటర్లకు ఒక గ్రాము హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, మామూలు మోతాదుకు సరిపోతుంది. ఒకప్పుడు డార్క్‌రూముల్లో ఫిల్ములు ఫిక్స్ చేసింది కూడా దీనితోనే. వారానికి మూడో వంతు నీళ్లు మార్చాలి. మే నెలలో మేడమీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. తెల్లవారుజామున పట్టుకుని డ్రమ్ముల్లో నిలవ ఉంచండి. తీసిన నీళ్లు మొక్కలకు పోయండి.

చేపల విసర్జనతో నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. పీహెచ్ ఎక్కువున్న తొట్టిలో దాని విషయంలో పొరపాటుకు క్షమాపణ లేదు. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతంలోపే. 8.2 దగ్గర, 26 డిగ్రీల వేడిలో, అది తొమ్మిది శాతానికి చేరుతుంది. అందుకే చేపలు వేయకముందే నాలుగైదు వారాలు ఫిల్టరులో అమ్మోనియాను తినే బ్యాక్టీరియాను పెంచాలి. అమ్మోనియా, దాన్నుంచి వచ్చే నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేపలు కొనొద్దు. వేసవిలో నీళ్లు 31 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, విషం వాటా ఇంకా పెరుగుతుంది. నీటిమీదికి ఫ్యాను తిప్పితే రెండు డిగ్రీలు తగ్గొచ్చు కానీ చెన్నై ఉక్కలో అంతకన్నా ఆశించొద్దు. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తప్పనిసరి.

మలావీ సిక్లిడ్లలో రాళ్ల మధ్య బతికే ఎంబూనా రకాలకు చోటు వదులుగా ఉంటేనే కొట్లాట ఎక్కువ. ఈ తొట్టిలో ముప్పై దాకా వేస్తే దెబ్బలు ఒకదానికే పడకుండా అందరికీ పంచుకుపోతాయి. ఒక మగకు మూడు నాలుగు ఆడచేపలు ఉండాలి. ఎంబూనాలకు నాచు ఆధారమైన మేత పెట్టాలి. గుండె మాంసం, రక్తపురుగులు అలవాటు చేస్తే పొట్ట ఉబ్బి చచ్చిపోవచ్చు. రెండంగుళాలైనా లేని పీకాక్ నిండు రంగుతో కనిపిస్తే రంగు కోసం హార్మోను కలిపిన మేత పెట్టారేమోనని అనుమానించండి. ఆ రంగు నిలవదు. ఒక ఆడచేప మేత ముట్టకుండా, దవడ కింద సంచీలా సాగి, నోరు నెమ్మదిగా నములుతున్నట్టు కదిలిస్తోందంటే గుడ్లు నోట్లో ఉన్నాయన్నమాట. మూడు వారాలు దాన్ని ఫ్లాష్‌తో బెదిరించొద్దు, గుడ్లు ఉమ్మేయవచ్చు, మింగేయవచ్చు కూడా.

ఫొటోకు సిద్ధం కావడం ముందురోజే మొదలు. నీళ్లు ఆ రోజే మారిస్తే గాజుకు సన్నటి బుడగలు అంటుకుని ఫ్లాష్‌కు తెల్ల చుక్కలవుతాయి. మేత ఒకరోజు ఆపాలి. లోపలి గాజును పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి శుభ్రం చేయాలి. తీసే ముందు పంపు ఆపి పది నిమిషాలు ఆగితే తేలే నలుసులు దిగుతాయి. ఇరవై నిమిషాలు దాటకుండా మళ్లీ వేయాలి. గది లైట్లు ఆపి నల్ల చొక్కా తొడుక్కోండి. లెన్సు గాజుకు లంబంగానే ఉండాలి. పక్కకు వంచితే మందపు గాజు కాంతిని విరిచి అంచుల్లో రంగు చారలు తెస్తుంది.

ఫ్లాష్ కెమెరా మీద వద్దు. గ్వానిన్ పలకలు ఎదురుగా వచ్చిన వెలుగును అద్దాల్లా నేరుగా లెన్సుకే తిప్పికొట్టి చేపను తెల్లగా చేస్తాయి. ఒక ఫ్లాష్ తొట్టి పైన, ముందు గాజువైపు కాస్త జరిపి, పలుచటి తెల్ల ప్లాస్టిక్‌లోంచి కిందికి పడేలా పెట్టి రేడియో ట్రిగ్గరుతో వెలిగించండి. నీటి తుంపర తగలకుండా పారదర్శకమైన కవరు తొడగండి. షట్టరు 1/200, ఎఫ్ 11, ఐఎస్‌ఓ 400, ఫ్లాష్ ఎనిమిదో వంతు పవరుతో మొదలుపెట్టండి. పవరు తగ్గినకొద్దీ మెరుపు నిడివీ తగ్గుతుంది, రెక్క కదలిక ఆగిపోతుంది. చేపను వెంటాడితే బెదిరి రంగు తగ్గించుకుంటుంది. దాని హద్దులో ఒక రాతి అంచు మీద, గాజుకు జానెడు లోపల, ఫోకస్ నిలిపి కాచుకోండి. బయటి నుంచి చిన్న అద్దం పది సెకన్లు చూపిస్తే మగచేప రెక్కలన్నీ విప్పుతుంది. అంతకు మించి చూపించొద్దు. నీలం చేపకు హిస్టోగ్రాములో, అంటే కెమెరా చూపే వెలుగుల గ్రాఫులో, నీలం ఛానల్‌ను విడిగా చూడండి. మొత్తం గ్రాఫు బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే నీలం ఒక్కటి కుడి అంచుకు గుద్దుకుని పొలుసు గీతలు పోతాయి. అలా ఉంటే ఫ్లాష్ పవరును ఒక మెట్టు దించి మళ్లీ తీయాలి.