గంధం రంగు వేస్తే పసుపైందేం?

నరసన్నపేట నుంచి ఒక పాఠకురాలు పెద్ద మెసేజ్ పంపారు. ఫోన్లో ఎవరిదో ఇంటి హాలు ఫొటో చూశారట. లేత గంధం రంగు గోడలు, నేలదాకా జారిన తెల్ల కర్టెన్లు, మూలన ఇత్తడి కుండీలో మొక్క. కుండీ బుడితి (ఇత్తడి సామాన్లకు పేరున్న ఊరు) ఇత్తడిలాగే ఉందని మురిసిపోయి, ఆ గోడ షేడు నంబరు పట్టుకుని కొట్టుకెళ్లి అదే కలిపించి, లప్పం పెట్టించి, ప్రైమర్ కొట్టించి, రెండు కోట్లు వేయించారు. తీరా చూస్తే గోడలు పచ్చటి పసుపు. "కొట్టువాడు వేరే రంగు ఇచ్చాడా, పెయింటరు ఇంకో కోటు ఎక్కువ కొట్టాడా, లేదా మా హాలు ఆగ్నేయంలో ఉండటం వల్లనా?" అని అడిగారు.

కొట్టువాడిదీ పెయింటరుదీ తప్పేం లేదమ్మా. ఆగ్నేయానికైతే అసలు సంబంధమే లేదు. ఇది గది చేసిన పని. ఇళ్ల ఫొటోలు చూసి ముచ్చటపడేవాళ్లంతా (నేనూ ఆ బాపతే, రాత్రి పదకొండు దాటినా ఎవరెవరివో వంటిళ్లు చూస్తూ కూచుంటాను) తెలుసుకోవాల్సిన లెక్క ఒకటుంది. కాంతి అంటే ఏమిటి, అందులో ఎన్ని రంగులు అన్నవి బడిలో చదివారు కాబట్టి వదిలేసి నేరుగా లెక్కలోకే వెళ్దాం.

షేడ్ కార్డు మీద రంగుముక్క రెండంగుళాలు ఉంటుంది. దాని మీద పడిన వెలుగు ఒక్కసారి తగిలి మన కంట్లోకి వచ్చేస్తుంది. గదిలో అలా కాదు. కిటికీలోంచి వచ్చిన వెలుగు ఎదుటి గోడకు తగిలి, అక్కడినుంచి పక్క గోడకు, అక్కడినుంచి సీలింగుకు, మళ్లీ మొదటి గోడకు, ఇలా తిరుగుతూ తిరుగుతూ చివరికెప్పుడో మన కంటికి చేరుతుంది. అద్దకం చూసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. నూలు చిలపను రంగునీళ్లలో ఒక్కసారి ముంచితే లేత ఛాయ, ఆరబెట్టి మళ్లీ ముంచితే ఇంకాస్త చిక్కన, మూడోసారికి మనం అనుకున్నదాన్ని దాటిపోతుంది. గదిలో ముంచుతున్నది వెలుగుని. గోడలే తొట్టి. షేడ్ కార్డు చూపించేది ఒక్క ముంపు రంగు మాత్రమే.

అంకెల్లో చూద్దాం. ఆ గంధం రంగు తన మీద పడిన ఎరుపు వెలుగులో 80 శాతం, నీలంలో 40 శాతం తిప్పి పంపుతుందనుకోండి. కార్డు మీద ఎరుపుకీ నీలానికీ నిష్పత్తి 2. అందుకే లేతగా, హాయిగా కనిపించింది. ఇప్పుడు నాలుగు గోడలు, సీలింగు, నేల అన్నిటికీ అదే రంగు పూసిన మూసిన గదిని ఊహించుకోండి. రెండో ముంపులో ఎరుపు 64, నీలం 16. మూడో ముంపులో ఎరుపు 51, నీలం 6. నాలుగో ముంపులో ఎరుపు 41 దాకా ఉంటుంది, నీలం 3 కూడా ఉండదు. ఒక్కో ముంపుకీ తేడా ఎలా తెరుచుకుంటోందో చూడండి. ఇలా అనంతంగా కలుపుకుంటూ పోతే ఎరుపు మొత్తం 400, నీలం మొత్తం 67. నిష్పత్తి 6! మూడు రెట్లు పెరిగింది. డబ్బాలో రంగు మారలేదు, కోట్లూ మారలేదు.

ఇది స్కూల్లో చదివిన గుణశ్రేఢే. గోడ తిప్పి పంపే భాగాన్ని ర అనుకుంటే, గోడకింకా తగలని మొదటి వెలుగునూ కలుపుకుంటే గదిలో వెలుగు 1/(1−ర) రెట్లు పెరుగుతుంది. ఇందులో ఉన్న చమత్కారమంతా కింద ఉన్న ఆ 1−ర లోనే ఉంది. ర 0.5 అయితే వెలుగు 2 రెట్లు, 0.8 అయితే 5 రెట్లు, 0.9 అయితే 10 రెట్లు, 0.98 అయితే ఏకంగా 50 రెట్లు. చివర్లో ఒక్కొక్క శాతం ఎంత బలమైందో గమనించండి. ఈ లెక్కను 1892లో ఇంగ్లండులో సంప్‌నర్ అనే శాస్త్రవేత్త చెప్పాడు, 1900లో జర్మనీలో ఉల్‌బ్రిక్ట్ అనే ఇంజనీరు దీన్ని పరికరంగా మలిచాడు. లోపలంతా తెల్లగా పూసిన బోలు గోళం అది. ఎల్ఈడీ బల్బు డబ్బా మీద రాసి ఉండే ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగు) ఇప్పటికీ ఎక్కువగా అలాంటి గోళంలోనే కొలుస్తారు. మీ హాలు కూడా ఒక ఉల్‌బ్రిక్ట్ గోళమే, కాకపోతే నలుచదరంగా ఉంది, సోఫా ఉంది.

నిజమైన హాల్లో సీలింగు తెలుపు, నేల టైలు, కాబట్టి లెక్క కొంచెం తగ్గుతుంది. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గదిలో గోడలదే 62 శాతం విస్తీర్ణం, సీలింగుకీ నేలకీ చెరో 19 శాతం. సీలింగు 85 శాతం, నేల 40 శాతం తిప్పి పంపితే, సగటున గది ఎరుపులో 73, నీలంలో 48 శాతం తిప్పుతుంది. అంతా వేసి చూస్తే గోడ మీద ఎరుపు-నీలం నిష్పత్తి దాదాపు 4. కార్డు మీద ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఇదే మీ పసుపు.

మరి ఆ గంధం రంగే గోడ మీద కనబడాలంటే? లెక్కను తిరగేయాలి. ఎరుపులో 85, నీలంలో 65 ఉన్న ముక్క ఏరుకుంటే గదిలో నిష్పత్తి సరిగ్గా 2కి వచ్చి ఆగుతుంది. కానీ ఆ ముక్క కార్డు మీద గంధంలా కనబడదు, పాలిపోయిన తెలుపులా ఉంటుంది, "ఇందులో రంగెక్కడుంది?" అని ఇంట్లో పెద్దాళ్లు తప్పకుండా అంటారు. చెయ్యి తిరిగిన పెయింటర్లు "రెండు షేడ్లు తగ్గించండమ్మా" అనేది ఇందుకే, గుణశ్రేఢి పేరు వాళ్లకు తెలియకపోయినా.

ఇక్కడ నాదొక గోడు. పదో తరగతిలో పరావర్తనం అంటే అద్దం బొమ్మ గీసి, పతన కోణం, పరావర్తన కోణం సమానం అని చెప్పి, పుటాకారం కుంభాకారం అంటూ నెల రోజులు నడిపిస్తారు. గోడలాంటి గరుకు తలాల మీది పరావర్తనానికి నాలుగు వాక్యాలు. మనం బతికేదంతా ఆ నాలుగు వాక్యాల్లోనే. మాస్టార్లకు ఒక చిన్న ప్రయోగం చెబుతాను, పైసా ఖర్చులేదు. ఒక రంగు చార్టు ముక్కను మధ్యకు మడిచి, సగం తెరిచిన పుస్తకంలా పట్టుకుని మడత లోపలికి చూడండి. మడత దగ్గర రంగు చిక్కబడుతుంది, రెండు రెక్కలూ ఒకదాని వెలుగును ఒకటి ముంచుకుంటున్నాయి కాబట్టి. గది మూలల్లో గోడ రంగు ముదురుగా కనబడేదీ ఇందుకే. కొత్త రంగు పరీక్షించాలన్నా గోడ మధ్యలో చెయ్యెడు పూసి చూడొద్దు, మూలన, రెండు గోడల మీదా పూసి చూడండి.

మా విజయనగరం పాత మండువా ఇళ్లలో సంక్రాంతికి సున్నం వెల్ల వేసేటప్పుడు అందులో చిటికెడు నీలిమందు కలిపేవారు. అది దిష్టికని మా వీధిలో ఒకావిడ ఇప్పటికీ అంటుంది. లెక్క చూడండి. సున్నం ఎరుపులో 85, నీలంలో 80 తిప్పుతుందనుకుంటే ఒక్క ముంపులో తేడా కంటికి ఆనదు, నిష్పత్తి 1.06. మూసిన గదిలో అదే 1.4 అవుతుంది, గది పాతకాగితంలా పచ్చబారుతుంది. నీలిమందు ఎరుపూ పసుపూ వైపు వెలుగును కాస్త మింగి ఆ తేడాను మొగ్గలోనే తుంచేస్తుంది. మొత్తం వెలుగు రవ్వంత తగ్గుతుంది, అయినా కన్ను "ఇదే తెలుపు" అంటుంది.

అసలు సున్నం తడిగా ఉన్నప్పుడు గోడ మసకగా ఉండి, ఆరాక తెల్లబడుతుంది కదా, అది కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు. తెలుపంటే ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థంలోకి దాటేచోట వెలుగు వెనక్కి తిరగడం. ఎంత తిరుగుతుందో రెండిటి వక్రీభవన గుణకాల (వెలుగును ఎంత వంచుతాయో చెప్పే అంకెల) తేడా చెబుతుంది. సున్నం గాలి పీల్చి కాల్షియం కార్బొనేట్ అవుతుంది, దాని గుణకం సుమారు 1.6. నీటిది 1.33, గాలిది 1. తడిలో ఒక్కో రేణువు అంచు దగ్గర ఒక శాతం కూడా వెనక్కి రాదు, ఆరి గాలి చేరాక 5 శాతం వస్తుంది. ఇలాంటి అంచులు వేలల్లో ఉంటాయి. అదే సుద్దను ఇప్పటి పెయింట్ల జిగురులో (గుణకం 1.5) కలిపితే తెలుపు దాదాపు మాయం. అందుకని టైటానియం డయాక్సైడ్ వాడతారు. దాని గుణకం 2.7, జిగురులో మునిగినా 8 శాతం వెనక్కి పంపుతుంది. ఆ టైటానియానికి ఒక ముఖ్యమైన ఖనిజం ఇల్మనైట్. భావనపాడు, కళింగపట్నం తీరంలో కాళ్లకు అంటుకునే నల్ల ఇసుకలో ఉన్నది అదే. నల్లటి ఇసుకలోంచి ఇనుము తీసేస్తే తెల్లటి పొడి మిగులుతుంది!

సరే, ఫొటో సంగతి. ఆ హాలు ఫొటోలో బల్బులు 2700 లేదా 3000 కెల్విన్‌వి (పసుపు వైపు వెలుగు) అయ్యుంటాయి, మన ఇళ్లలో ట్యూబులైటు 6500 (నీలం వైపు తెలుపు). కెమెరా దేన్ని తెలుపనుకుందో దాన్నిబట్టి మిగతా రంగులన్నీ జరుగుతాయి. ఆపైన కిటికీలు. "ఉత్తరం గదికి చల్లటి వెలుగు వస్తుంది, వెచ్చటి రంగులు వేయండి" అని ఇంటీరియర్ సలహాల్లో పదేపదే కనబడుతుంది. అది లండన్‌కు సరిపోతుంది. అక్కడ అక్షాంశం 51 డిగ్రీలు దాటింది, మధ్యాహ్నపు సూర్యుడు ఏనాడూ ఉత్తరానికి రాడు. మనం 18 డిగ్రీల దగ్గరున్నాం. మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అక్కడి సూత్రం ఇక్కడ ఎండాకాలం నడినెత్తిన తలకిందులవుతుంది.

సూర్యుడు ఎక్కడినుంచి వస్తాడో మనవాళ్లు పట్టించుకోలేదని కాదు. అరసవల్లిలో మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా సుమారు 4 డిగ్రీల దగ్గరే ఉంటాడు, అంటే తూర్పున ఒకేచోట ఉదయిస్తాడు. కట్టినవాళ్లు చూసి, కొలిచి కట్టారు. ఇప్పటి వాస్తు రంగుల పట్టికలో మాత్రం ఆగ్నేయానికి నారింజ, వాయవ్యానికి తెలుపు అని రాసి ఉంటుంది, కిటికీ ఎటుందో, ఎంతుందో ఒక్క మాటైనా ఉండదు. మన సందుల్లో ఇంటికీ ఇంటికీ మధ్య మూడడుగులు. పక్కింటివాళ్లు చిలకాకుపచ్చ వేశారంటే మీ కిటికీలోంచి వచ్చే వెలుగు ముందే ఒక ముంపు మునిగొచ్చినట్టు. మీ గదికి మొదటి కోటు వాళ్లే వేశారు, ఏ దిక్కయితే ఏంటి?

ఈ మధ్య హాల్లో ఒక గోడకు నల్లటి బూడిద రంగు వేయడం ఫ్యాషన్. ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ పైన చెప్పిన 12 అడుగుల గదికే తెల్ల గోడలుండి, వాటిలో ఒక్కటి నల్లబడితే గది మొత్తం వెలుగు మూడో వంతు తగ్గుతుంది, ఎందుకంటే తిరిగే వెలుగులో ఆ గోడకు తగిలినది దాదాపు అక్కడే ఆగిపోతుంది. బల్బులు పెంచాలి. ముదురు గోడే కావాలనుకుంటే నా ఓటు సవర గిరిజనుల పద్ధతికి. సీతంపేట కొండల్లో ఎర్రమట్టి గోడ మీద తెల్లగా మనుషులు, చెట్లు, జంతువులు గీస్తారు. వెలుగు బాగా తగ్గినప్పుడు మన కంట్లో మసకలో పనిచేసే కణాలు ఎరుపును దాదాపు పట్టించుకోవు (దీన్ని పుర్కింజే ప్రభావం అంటారు), ఎర్రగోడ నల్లగా వెనక్కి పోతుంది, తెల్ల బొమ్మలు ముందుకు లేస్తాయి.

నేల సంగతి ఎవరూ అడగరు గానీ, దానికీ ఇదే లెక్క. టెక్కలి నీలి గ్రానైటు వేయించుకుంటే, అది నిగనిగలాడుతున్నా తిప్పి పంపే వెలుగు తక్కువే. ఆ నిగనిగ కిటికీని అద్దంలా చూపిస్తుందంతే, గదికి వెలుగు పంచదు. అలాంటి నేల ఉన్నవాళ్లు సీలింగుకు తెలుపు తప్ప ఇంకేదీ వేయకండి. గోడకు రంగు ఎంచేటప్పుడు కొన్ని కంపెనీల కేటలాగులో ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, వందలో ఎంత వెలుగు వెనక్కొస్తుందో చెబుతుంది, 70కి పైన ఉన్నది చూసుకోండి. నరసన్నపేట అమ్మగారూ, మీరు మొత్తం గీకించక్కర్లేదు. ఉన్నదాని మీదే ఒక తెల్ల ప్రైమర్ కోటు కొట్టించి, ఆ పాలిపోయిన షేడు వేయించండి. ముందు మూలన పూసి, పొద్దున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి, రాత్రి ట్యూబులైటు వేసి ఒకసారి చూశాకే పెయింటరుకు అడ్వాన్సు ఇవ్వండి.