సగం ఖాళీ పెన్‌డ్రైవ్‌లో పెళ్లి వీడియో ఎందుకు పట్టదు?

గుంటూరు అరండల్‌పేటలోనో, బెజవాడ గవర్నర్‌పేటలోనో పెళ్లి వీడియో కాపీ చేయించుకోబోతే ఒక్కోసారి వినబడే మాట: "పెన్‌డ్రైవ్‌లో పట్టట్లేదండీ." తీరా చూస్తే 32 జీబీలో 25 జీబీ ఖాళీగానే ఉంటుంది. పేచీ చోటుతో కాదు, పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను సర్దిపెట్టే ఫ్యాట్32 అనే పద్ధతితో (దీన్నే ఫైల్ సిస్టమ్ అంటారు).

ఫ్యాట్ పద్ధతి 1977లో మైక్రోసాఫ్ట్‌లో ఫ్లాపీల కోసం పుట్టింది. 1996లో విండోస్ 95 రెండో విడుదలతో ఫ్యాట్32 వచ్చింది. ఇందులో ప్రతి ఫైలు వివరాల్లో సైజు రాసుకోవడానికి ఉన్నది నాలుగే బైట్లు. అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 4,294,967,295. ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దగ్గర ఆగిపోవాల్సిందే. సెకనుకు 25 మెగాబిట్ల వీడియో అయితే దాదాపు 23 నిమిషాలకే ఆ గీత దాటుతుంది. ఫ్యాట్32 కార్డులు వాడే కెమెరాలు రికార్డింగును ముక్కలు చేసేది అందుకే. ఎడిటింగ్ అయ్యాక ముక్కలన్నీ ఒక్క ఫైలవుతాయి, గొడవ అక్కడే మొదలు.

రెండో గీత 32 జీబీ. ఫ్యాట్32 నిజానికి 2 టీబీ దాకా పోగలదు. కానీ విండోస్‌లో ఫార్మాట్ చేయబోతే తెరపైకి వచ్చే పెట్టె, డ్రైవ్ 32 జీబీ దాటితే ఏళ్ల తరబడి ఆ ఎంపికే చూపించలేదు. 1994 చివర్లో ఆ పెట్టె రాసిన ఇంజినీరు డేవ్ ప్లమర్, ఆ హద్దు ఒక ఉదయం తనకు తోచినట్టు పెట్టిందేనని తర్వాత చెప్పాడు. ఆ ఉదయం ఫలితం ముప్పై ఏళ్లు నడిచింది.

విండోస్‌లోనే ఉన్న మరో పద్ధతి, 1993 నాటి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఈ 4 జీబీ అడ్డు లేదు. కాకపోతే అది కంప్యూటరు లోపలి డిస్కు కోసం కట్టింది. చేసే ప్రతి మార్పునూ ముందుగా చిట్టాలా (దీన్నే జర్నల్ అంటారు) రాసుకుంటూ ఉంటుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌పై రాతలు పెరుగుతాయి. మ్యాక్ దాన్ని చదువుతుంది, రాయదు.

పెన్‌డ్రైవులు, కార్డుల కోసమే మైక్రోసాఫ్ట్ 2006లో ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతి తెచ్చింది. 64 జీబీ, ఆపై ఎస్‌డీ కార్డులకు అదే ప్రమాణమైంది. అయితే పేటెంట్ల వల్ల తయారీదారు లైసెన్సు తీసుకోవాలి. చవక ప్లేయర్లలో దానికి చోటు దొరకలేదు. మైక్రోసాఫ్ట్ 2019లో వివరాలన్నీ బయటపెట్టాక, ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ 5.4లోకి ఎక్స్‌ఫ్యాట్ చేరింది. ఆటోలో, ట్రాక్టరు మీద ఉండే పాత యూఎస్‌బీ ప్లేయరుకు మాత్రం ఆ కబురు ఎప్పటికీ చేరదు.

అందుకని ముందు అడగాల్సింది ఏ పెన్‌డ్రైవ్ అని కాదు, దాన్ని చదివే పెట్టె ఏదని. పాటల ప్లేయరుకు, పాత టీవీకి ఫ్యాట్32. డ్రైవ్‌ను భాగాలుగా విడగొట్టే పార్టిషన్ పద్ధతి కూడా కొత్తదైన జీపీటీ కాకుండా పాతదైన ఎంబీఆర్ ఉండాలి. 64 జీబీ పెన్‌డ్రైవ్ అయితే ఫార్మాట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ రూఫస్‌లో బూట్ ఎంపికను 'నాన్ బూటబుల్' చేసి, ఫైల్ సిస్టమ్‌గా లార్జ్ ఫ్యాట్32 ఎంచుకోవచ్చు. లోపలున్నదంతా పోతుంది, ముందు కాపీ తీసుకోవాలి. పెద్ద వీడియోలు కంప్యూటర్ల మధ్య తిరగాలంటే ఎక్స్‌ఫ్యాట్.

ఎక్స్‌ఫ్యాట్‌కూ ఒక లోపముంది. 32 జీబీ దాటిన డ్రైవ్‌పై విండోస్ మామూలుగా ఒక్కో క్లస్టర్‌కు, అంటే ఫైలుకిచ్చే కనీస గడికి, 128 కేబీ కేటాయిస్తుంది. 4 కేబీ ఫైలు పెట్టినా 128 కేబీ పోయినట్టే. అలాంటి చిన్న ఫైళ్లు పదివేలుంటే 40 ఎంబీ సరుకు 1.2 జీబీకి పైగా మింగుతుంది. ఆఫీసు కాగితాల ఫోల్డర్లయితే జిప్ చేసి పెట్టడం నయం.

కాపీ నడుస్తుండగా పెన్‌డ్రైవ్‌ను లాగేస్తే ఆదుకునే జర్నల్ ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ రెంటికీ లేదు. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక ఫ్యాట్32కు రెండు ప్రతులైనా ఉంటుంది, ఎక్స్‌ఫ్యాట్‌కు విండోస్‌లో ఒక్కటే. తర్వాత విండోస్‌లో డిస్కు మరమ్మతు చేసే చెక్‌డిస్క్ నడిపితే దారి తప్పిన ముక్కలు 'ఫౌండ్.000' ఫోల్డరులో చేరతాయి. వాటి పేరు చివర జేపీజీ అని మారిస్తే ఫొటోలు కొన్ని తెరుచుకుంటాయి. సగంలో ఆగిన ఎంపీ4 వీడియో మాత్రం అంత తేలిగ్గా తెరుచుకోదు, దాని సూచిక చాలాసార్లు ఫైలు చివర్లోనే ఉంటుంది కాబట్టి.