ఇరవై ఏళ్ళ పాయింట్లు ఎక్కడ వాడాలి? అమెరికా మ్యూల్ డీర్ డ్రా వెనక కథ

మార్చి వచ్చిందంటే అమెరికా పడమటి రాష్ట్రాల్లో వేటకెళ్ళే జనం మధ్య ఒకటే గోల, మ్యూల్ డీర్ అనే జింకని వేటాడే పర్మిషన్ కోసం ఏళ్ళ తరబడి దాచుకున్న పాయింట్లు ఈ ఏడు వాడేద్దామా ఇంకో ఏడు ఆగుదామా, వాడితే కొలరాడోలోనా అరిజోనాలోనా అని. ఫీనిక్స్‌లోనో డెన్వర్‌లోనో ఉండే మనవాళ్ళకి ఆఫీసులో పక్క సీటువాడు ఈ మాటలు మాట్లాడుతుంటే లాటరీ గురించేమో అనిపిస్తుంది, నిజానికి సగం లాటరీయే. మన దేశంలో 1972 చట్టం వచ్చాక జింక మీద చెయ్యి వేస్తే జైలే, పైగా ఆంధ్రాకి కృష్ణజింక, తెలంగాణకి జింక రాష్ట్ర జంతువులు కూడాను, అందుకే ఒక పెద్ద కొమ్ముల జింక కోసం మనిషి ఇరవై ఏళ్ళు ఫీజులు కట్టుకుంటూ కూర్చోవడం మనకి వింతగానే ఉంటుంది. అసలు ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలిస్తే గానీ పాయింట్లు ఎక్కడ వాడాలన్నదానికి జవాబు దొరకదు.

ముందు ఈ డ్రా సంగతి. మ్యూల్ డీర్ అంటే కంచరగాడిదకి ఉన్నట్టు పెద్ద చెవులుండే జింక, రాకీ పర్వతాల నుంచి నెవాడా ఎడారి దాకా ఉంటుంది. రాష్ట్రాన్ని యూనిట్లుగా విడగొట్టి ఒక్కో యూనిట్‌కి, ఒక్కో సీజన్‌కి ఇన్ని ట్యాగులు అని లెక్క కడతారు. ట్యాగ్ అంటే ఒక జింకని వేటాడటానికి పర్మిషన్. అడిగేవాళ్ళు ఎక్కువ, ట్యాగులు తక్కువ, కాబట్టి డ్రా తీస్తారు, రానివాడికి ఓదార్పుగా ఒక పాయింటు. వచ్చే ఏడు ఆ పాయింటుతో మళ్ళీ అప్లై చెయ్యాలి. ట్యాగ్ వచ్చిందా, పాయింట్లన్నీ సున్నా.

కథ పందొమ్మిదో శతాబ్దంలో మొదలవుతుంది. అప్పట్లో మాంసం కోసం, తోళ్ళ కోసం జింకల్ని లెక్కా పత్రం లేకుండా కాల్చి బస్తీల్లో అమ్మేవాళ్ళు. అది చూసి 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్, జార్జ్ బర్డ్ గ్రినెల్ కలిసి వేట జంతువుల్ని కాపాడాలని బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టారు. 1900లో లేసీ చట్టం వచ్చింది, రాష్ట్ర చట్టాలకి విరుద్ధంగా వేటాడిన మాంసాన్ని సరిహద్దు దాటించి అమ్మడం నేరం అయింది. 1937లో పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం, తుపాకులు తూటాల మీద పన్ను వేసి ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి ఇవ్వడం, షరతు ఏంటంటే లైసెన్సు ఫీజుల డబ్బు రాష్ట్రం వేరే పనులకి మళ్ళించకూడదు. ఇక్కడొక మెలిక ఉంది, ఆ శాఖల జీతాలు, సర్వేలు చాలావరకు వేటగాళ్ళ డబ్బుతోనే నడుస్తాయి, అందులోనూ బయట రాష్ట్రంవాడి దగ్గర లోకల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గుంజుతారు. అలా గుంజొచ్చా అని మోంటానా మీద కేసు పడితే 1978లో సుప్రీం కోర్టు గుంజొచ్చనే చెప్పింది.

అరిజోనా ఉత్తరాన, గ్రాండ్ కాన్యన్ పక్కనుండే కైబాబ్ పీఠభూమి కథ వేరే చెప్పుకోవాలి. 1906లో, అప్పటికి ప్రెసిడెంట్‌గా ఉన్న రూజ్‌వెల్ట్ దాన్ని వేట జంతువుల రక్షిత ప్రాంతం చేశాడు, వేట బంద్, పైగా కొండసింహాల్ని, కాయొటీల్ని సర్కారు మనుషులే వెతికి వెతికి చంపారు, గొర్రెల్నీ పశువుల్నీ అక్కడ మేపడం కూడా తగ్గింది. జింకలు పెరిగి పెరిగి 1924 నాటికి లక్ష అయ్యాయని కొందరు, అంత లేదని కొందరు, ఆ లెక్క మీద తగాదా ఇప్పటికీ తెగలేదు గానీ అడవి మాత్రం జింక మెడ చాచి అందుకున్నంత ఎత్తు వరకు బోడిగా అయిపోయింది, తర్వాతి చలికాలాల్లో వేలకు వేలు ఆకలితో చచ్చాయి. 1924 డిసెంబర్‌లో ఇంకో తమాషా జరిగింది, మెక్‌కార్మిక్ అనే ఆయన ఈ జింకల్ని పశువుల్లా తోలుకుంటూ గ్రాండ్ కాన్యన్ దాటించి అవతలి ఒడ్డుకి చేరుస్తానన్నాడు, నవలలు రాసే జేన్ గ్రే కూడా వచ్చాడు, మనుషులు వరసగా నిలబడి గంటలు కొట్టుకుంటూ రేకు డబ్బాలు వాయించుకుంటూ మంచులో నడిచారు, జింకలేమో చక్కగా వెనక్కి తిరిగి వీళ్ళ మధ్యలోంచే పారిపోయాయి. అవతలికి ఒక్కటీ చేరలేదు. తర్వాత ఫెడరల్ సర్కారు జింకల్ని కాల్చి తగ్గిస్తానంటే రాష్ట్ర గవర్నర్ హంట్ ఒప్పుకోలేదు, 1928లో సుప్రీం కోర్టు సర్కారు వైపే తీర్పిచ్చింది. జింకల సంఖ్యని నేల మోయగలిగినంతలో ఉంచాలి, అందుకు వేటని కొలిచి ఇవ్వాలి అన్న ఆలోచన బలపడటానికి కైబాబ్ పెద్ద కారణం. ఆ కైబాబ్‌లోనే ఇప్పుడు నవంబర్ చివరి ట్యాగ్ కావాలంటే ఏళ్ళకేళ్ళు పాయింట్లు పోగెయ్యాలి, చూడండి విచిత్రం.

1950లు, 60లు మ్యూల్ డీర్‌కి స్వర్ణయుగం, దుకాణానికెళ్ళి ట్యాగ్ కొనుక్కుని కొండెక్కడమే, డ్రా గిరా లేదు. 70ల్లో మందలు పడిపోయాయి. కారణాల మీద ఇప్పటికీ వాదనలే, చలి, కరువు, మేత పొదలు ముసలివవడం, రోడ్లు, ఇళ్ళు, అన్నీ కలిసే అని నా అభిప్రాయం. అప్పట్నుంచి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ట్యాగులకి కళ్ళెం వేశాయి. నెవాడా 70ల్లోనే కోటా పెట్టింది. ఉటా 1994లో మొత్తం రాష్ట్రానికి 97,000 మంది జింక వేటగాళ్ళే అని గీత గీసింది. కొలరాడో 1999లో జింక ట్యాగులన్నీ డ్రాలోకి తెచ్చేసింది, ఇది మాత్రం పెద్ద మలుపు, ఎందుకంటే వేట తగ్గగానే మగ జింకలు ముసలివయ్యేదాకా బతకడం మొదలుపెట్టాయి. కొమ్ములు పూర్తిగా రావాలంటే మగ జింకకి ఐదారేళ్ళు నిండాలి. బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ వాళ్ళ పెద్ద కొమ్ముల రికార్డు పుస్తకంలోకి ఎక్కాలంటే మామూలు ఆకారం కొమ్ములకి 190 అంగుళాలు రావాలి, వాళ్ళ కొలత ఎలా ఉంటుందంటే కొమ్ములు అరవై రోజులు ఆరబెట్టి, ప్రతి కొమ్ము పొడుగు, ఒక్కో పక్క నాలుగు చోట్ల చుట్టుకొలత, రెంటి మధ్య వెడల్పు అన్నీ టేపుతో కొలిచి కూడి, కుడి ఎడమలకి తేడా వస్తే అంత లెక్కలోంచి తీసేస్తారు. 2000 తర్వాత కొలరాడోలో గనిసన్ బేసిన్, ఈగిల్ పక్కన యూనిట్ 44 లాంటి పేర్లు జనం నోట్లో నానడానికి ఈ 1999 నిర్ణయమే కారణం.

పేరొస్తే జనం వస్తారు కదా. ఇక్కడే అసలు చిక్కు. కొలరాడో పద్ధతిలో పాయింట్లు ఎక్కువున్నవాడికే ముందు ట్యాగ్. ఏడాదికి పది ట్యాగులు, పైవరసలో రెండొందల మంది అనుకోండి, ఆ వరస తీరడానికే ఇరవై ఏళ్ళు, ఈలోపు కింద వరసలవాళ్ళూ ఏటా ఒక్కో పాయింటు కలుపుకుంటూనే ఉంటారు. మీకు పదిహేను ఉన్నప్పుడు యూనిట్‌కి పద్దెనిమిది కావాలి, మీకు పద్దెనిమిది వచ్చేసరికి ఇరవై ఒకటి అవుతుంది. దీన్నే వాళ్ళు పాయింట్ క్రీప్ అంటారు. తిరుమలలో కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, బ్రేక్ దర్శనం లాంటిది కూడా ఉంది, గవర్నర్ ట్యాగ్ అని వేలం వేస్తారు, ఉటాలో ఆంటిలోప్ ఐలాండ్ జింక ట్యాగ్ లక్షల డాలర్లకి పోయింది. 2018లో కొలరాడో అప్లై చేసేటప్పుడే ట్యాగ్ డబ్బంతా కట్టాలన్న రూల్ తీసేసింది, అంతకుముందు వందల డాలర్లు నెలల తరబడి ఇరుక్కుపోతాయని ఆగినవాళ్ళందరూ ఒక్కసారిగా దిగారు, క్యూ ఇంకా పొడుగైంది. 2024 నుంచి డ్రాలో లోకల్స్‌కి 75 శాతం, బయటివాళ్ళకి 25 అని మార్చారు, అంతకుముందు చాలా యూనిట్లలో బయటివాళ్ళకి 35 దాకా ఉండేది. అంటే పాయింటు మీ దగ్గరే ఉంది, దాని విలువ మాత్రం ఇంకెవరో మీటింగులో కూర్చుని మార్చేస్తారు. కోర్టుకెళ్ళినా లాభం లేదు, బయటివాళ్ళకి పది శాతం ట్యాగులే అన్న అరిజోనా పరిమితి మీద 2002లో ఒక అప్పీల్ కోర్టు బయటివాళ్ళ వైపు మొగ్గితే, 2005లో సెనేటర్ హ్యారీ రీడ్ తెచ్చిన చట్టంతో కాంగ్రెస్ ఆ అధికారం రాష్ట్రాలకే అని తేల్చేసింది.

మిగతా రాష్ట్రాలు కొలరాడోని చూసి కాస్త వేరే దారులు పట్టాయి. నెవాడాలో పాయింట్లని వర్గం చేసి ఒకటి కలుపుతారు, పది పాయింట్లున్నవాడికి డ్రాలో 101 నంబర్లు, కొత్తవాడికి ఒకటి, అయినా ఆ ఒక్కటికీ తగలొచ్చు. అరిజోనాలో 20 శాతం ట్యాగులు పాయింట్లు ఎక్కువున్నవాళ్ళకి, మిగతాది లక్కే. ఉటాలో పేరున్న యూనిట్లలో సగం పాయింట్లకి, సగం లక్కుకి. వ్యోమింగ్ బయటివాళ్ళకి జింక పాయింట్లు 2006లో మొదలుపెట్టి 75 శాతం పాయింట్లకి, 25 శాతం లక్కుకి ఇస్తుంది, కానీ అక్కడ వైల్డర్‌నెస్ అని ప్రకటించిన, రోడ్లు లేని అడవి ప్రాంతంలో బయటివాడు గైడ్ లేకుండా వేటాడకూడదు, ఈ ముక్క చదవకుండా ట్యాగ్ తీసుకుంటే ఖర్చు తడిసి మోపెడు. న్యూమెక్సికో, ఐడహోల్లో అసలు పాయింట్లే లేవు.

ఇంక నా మాట. పాయింట్లు ఎన్ని కావాలి అన్న పట్టిక ఒక్కటే చూసి యూనిట్ ఎంచుకునేవాళ్ళు ఎక్కువ, వాళ్ళు చూడనిది చలికాలం. 2022-23 చలికి వ్యోమింగ్ రేంజ్ అనే కొండల్లోని మందలో రేడియో కాలర్ వేసిన పిల్లలు ఒక్కటీ మిగల్లేదు, పెద్ద ఆడ జింకలు కూడా సగానికి పైగా పోయాయి, వాయవ్య కొలరాడోలోనూ గట్టిదెబ్బే, అక్కడ ట్యాగులు బాగా కోసేశారు. ఇప్పుడు లెక్క వేసుకోండి, 2022 వేసవిలో పుట్టిన పిల్లలు బతికుంటే 2027లో ఐదేళ్ళ మగ జింకలు అయ్యేవి. అవి లేవు. అంటే ఆ యూనిట్లలో 2027, 28, 29ల్లో పెద్ద కొమ్ములవి పల్చగా ఉంటాయి, మంద మొత్తం లెక్క కోలుకున్నట్టు కాగితం మీద కనిపించినా సరే. 2007-08 చలికి గనిసన్‌లో ఇలాగే అయింది, సర్కారే మేత వేసినా చాలా పోయాయి. అందుకని ఇరవై పాయింట్లు పట్టుకుని దెబ్బతిన్న మంద కోలుకునేదాకా ఆగుతానంటే ఈలోపు కావాల్సిన పాయింట్లు ఇంకా పెరిగిపోతాయి, అదే పది పన్నెండు పాయింట్లకే దొరికే, గత నాలుగైదు చలికాలాలు మెత్తగా గడిచిన యూనిట్‌లో ఇప్పుడే వాడేస్తే కలల యూనిట్ పేరు లేకపోయినా కొండమీద మంచి మగ జింక ఉంటుంది.

రోగం ఇంకో లెక్క. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని, జింకలు చిక్కి చిక్కి చచ్చిపోయే రోగం, దాన్ని 1967లో కొలరాడోలోనే ఫోర్ట్ కాలిన్స్‌లో పెంపకంలో ఉన్న జింకల్లో మొదట చూశారు, మగవాటిలో ఎక్కువ. అది తగ్గాలంటే పెద్ద మగవాటిని తగ్గించాలని కొలరాడో కొన్ని మందల్లో మగ జింకల ట్యాగులు పెంచుతోంది. ట్యాగ్ తేలిగ్గా వస్తుంది, కొమ్ములు చిన్నవవుతాయి. ట్రోఫీయే కావాలనుకునేవాడు ఆ మంద ప్లాన్‌లో వంద ఆడవాటికి ఎన్ని మగవి ఉంచాలనుకుంటున్నారో చదవాలి, నలభై దగ్గరుంటే ఒక కథ, పాతిక లోపుంటే ఇంకో కథ. అరిజోనా స్ట్రిప్ లాంటి ఎడారి చోట మంచు కంటే వాన ముఖ్యం, వసంతంలో మేత పచ్చగా ఉంటేనే ఆ ఏడు కొమ్ములు సాగుతాయి.

తండ్రీ కొడుకులు కలిసి అప్లై చేసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, గ్రూపులో కొలరాడో అందరికంటే తక్కువున్నవాడి పాయింట్లు తీసుకుంటుంది, మిగతావి చాలావరకు సగటు తీస్తాయి. కొలరాడోలో రెండో ఛాయిస్‌లో ట్యాగ్ వస్తే పాయింట్లు పోవు, మొదటి ఛాయిస్‌లో పాయింట్ మాత్రమే అడిగి రెండోదాంట్లో మామూలు యూనిట్ పెట్టి ఏటా వేటకెళ్ళేవాళ్ళు ఉన్నారు. అరిజోనాలో పాయింట్‌గార్డ్ అని కొద్ది డబ్బుకి ఇస్తారు, కాలు విరిగో సెలవు దొరక్కో వెళ్ళలేకపోతే ట్యాగ్ తిరిగిచ్చేసి పాయింట్లు వెనక్కి తెచ్చుకోవచ్చు. తేదీలు కూడా చూసుకోవాలి, కొలరాడో గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం, అప్పటికి చలి చావుల లెక్క పూర్తిగా తేలదు, వ్యోమింగ్ బయటివాళ్ళ జింక గడువు, అరిజోనా జింక గడువు జూన్ మొదట్లో ఉంటాయి కాబట్టి అక్కడ మంచు ఎలా గడిచిందో, వసంతంలో వాన పడిందో లేదో చూసుకుని ఫారం నింపొచ్చు.